కిటికీ తెరిచే కాలం

కుళాయి కింద పెట్టిన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కోకుండా అలాగే ఉంచేసే పొద్దు ఒకటి ఏటా వస్తుంది. నిన్నటిదాకా వేళ్ళు కొరికేసిన నీళ్ళే అవి. ఇవాళ మణికట్టు మీదుగా జారుతుంటే హాయిగా ఉంటాయి. ముఖం కడుక్కోవడం అయిపోయినా ఇంకో దోసెడు చల్లుకోబుద్ధేస్తుంది. ఆ రోజుకు పేరు లేదు, సెలవు లేదు, ఎవరూ ఎవరికీ శుభాకాంక్షలు చెప్పుకోరు. అయినా నన్నడిగితే ఏడాదిలోని మంచి రోజుల్లో అదొకటి.

చలి వెనకబట్టే ఆ కొద్ది వారాల్లో ఇలాంటివి వరసగా వస్తూనే ఉంటాయి. తెల్లవారుజామున రగ్గును కాళ్ళతో తన్నేసి, కాసేపటికి నిద్రలోనే సగం మీదికి లాక్కోవడం. దండెం మీద వేసిన మందపాటి ప్యాంటు సాయంత్రానికల్లా నడుము పట్టీతో సహా ఆరిపోవడం. పగిలిన పెదవి మానిపోయి నోరారా నవ్వగలగడం. వట్టి కాళ్ళతో ఇల్లంతా తిరగడం. పని ముగించుకుని బయటికొచ్చేసరికి ఆకాశంలో ఇంకా వెలుతురు మిగిలి ఉండటం.

వీటిని చిన్న సంతోషాలని ముద్దుగా పిలిచి, అసలు బతుకు ఇంకెక్కడో ఉందన్నట్టు పక్కన పెట్టేయడం మనకు అలవాటు. తీరిక ఉన్నవాళ్ళ ముచ్చట్లని కొందరంటారు. ఇంకొందరు వీటిని జాబితా కట్టి, రోజూ ఆచరించండంటూ చిట్కాలుగా పంచుతారు. ఈ రెండు ధోరణులూ నాకు నచ్చవు. ఈ ఆనందాలు సాధన చేస్తే వచ్చేవి కావు, ఒంట్లోంచి వాటంతటవే వస్తాయి. అందుకు ఒకటే షరతు: బయట జరుగుతున్న మార్పు మన ఒంటిదాకా చేరాలి. ఆ దారిని ఒక్కో గదిగా, ఒక్కో భవనంగా మనమే మూసుకుంటూ వస్తున్నామన్నది నా బాధ.

ముందు ఆ కుళాయి నీళ్ళ సంగతి చూద్దాం. 1971లో మిషెల్ కబనాక్ అనే ఫ్రెంచ్ శరీరధర్మ శాస్త్రవేత్త సైన్స్ పత్రికలో ఒక పరిశోధనా వ్యాసం రాశాడు. మనుషుల్ని స్నానపు తొట్టెలో కూర్చోబెట్టి, ఒంటిని కాస్త వేడెక్కించీ, మరోసారి చల్లబరచీ, చేతికి రకరకాల వేడిమి ఉన్న నీళ్ళు తగిలించి ఎలా ఉందో చెప్పమన్నారు. నీళ్ళు అవే, చెయ్యీ అదే. ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయన్నవాళ్ళే, ఒళ్ళు చల్లబడ్డాక అవే నీళ్ళు భరించలేమన్నారు. అంటే హాయి నీళ్ళలో లేదు, చేతిలోనూ లేదు. ఒంటికి ఆ క్షణంలో ఏది అవసరమో, దాని దగ్గరికి తీసుకెళ్ళే స్పర్శ హాయిగా తోస్తుంది. దీనికి కబనాక్ అలిస్తీషియా అని పేరు పెట్టాడు.

నాకు ఈ ఒక్క సంగతి చాలా విషయాలు విప్పి చెప్పింది. ఏడాది పొడవునా సమంగా హాయిగా ఉండే ఏర్పాటు ఒకటి చేసుకుంటే, అందులో అసౌకర్యం ఉండదు, నిజమే. ఈ రకమైన హాయి కూడా ఉండదు. ఒళ్ళు ఎటో కొంచెం తప్పుకుని, తిరిగి కుదురుకునే దారిలో ఉన్నప్పుడే అది పుడుతుంది. ఎప్పుడూ కుదురుగానే ఉంచిన ఒంటికి పుట్టే అవకాశమే లేదు.

చర్మం పనిచేసే తీరు కూడా ఇలాంటిదే. చల్లదనాన్ని, వెచ్చదనాన్ని పసిగట్టే నాడులు స్థిరంగా ఉన్న వేడిమికి త్వరగా అలవాటు పడిపోతాయి, మార్పుకు మాత్రం ఒక్కసారిగా గట్టిగా స్పందిస్తాయి. చర్మం వేడిమి దాదాపు 30 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడగా ఉంటే కాసేపటికి చల్లగానూ అనిపించదు, వెచ్చగానూ అనిపించదు. వేడిమిని, స్పర్శను పట్టే గ్రాహకాలను కనుగొన్నందుకు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మెడ వెనక నీరెండ తగిలినప్పుడు కలిగే ఆ సుఖం వెనక ఇంత యంత్రాంగం ఉందని తెలిశాక దాన్ని చిన్నదనడానికి నాకు నోరు రాదు.

పదో రోజుకు కుళాయి నీళ్ళు మళ్ళీ మామూలు నీళ్ళయిపోతాయి. అలవాటు పడే గుణమే ఆ హాయిని మొదటి రోజున అంత చిక్కగా చేసింది కాబట్టి, అది పోయిందని నేను విచారించను. దాచుకోవడం కుదరదు, ముందుగా తెప్పించుకోవడమూ కుదరదు. వచ్చిన రోజున మనం అక్కడ ఉండాలి, అంతే.

వెలుతురు విషయం ఇంకా ఆసక్తికరం. చలికాలం నుంచి బయటపడేటప్పుడు వెలుగు, వేడి రెండూ కలిసి రావు. వెలుగు ముందొస్తుంది. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21, 22 తేదీల్లో పగలు అన్నిటికంటే పొట్టిది. కానీ మధ్య అక్షాంశాల్లో అన్నిటికంటే తొందరగా పొద్దుగుంకేది ఆ రోజున కాదు, అంతకు ముందే. అలాగే అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది ఆ తర్వాతెప్పుడో జనవరి మొదట్లో. అందుకే పగలు పెరుగుతోందన్న సంగతి ముందు సాయంత్రాల్లో తెలుస్తుంది. పొద్దున లేస్తే ఇంకా చీకటే, సాయంత్రం మాత్రం కిటికీ అద్దం మీద ఓ పది నిమిషాలు ఎక్కువసేపు ఎరుపు నిలుస్తుంది. ఇంత జరుగుతున్నా చలి తగ్గదు సరికదా, చాలాచోట్ల ఆ తర్వాత నెల రోజులకు గానీ అసలైన చలి రాదు. నేల, సముద్రం తాము పోగొట్టుకునే వేడి కంటే అందుకునేది ఎక్కువయ్యేదాకా చల్లబడుతూనే ఉంటాయి కాబట్టి ఈ ఆలస్యం. ఈ ఎడంలో వచ్చే రోజులంటే నాకు ప్రాణం. ఎండ ఫెళ్ళున కాస్తుంటుంది, నీడలోకి అడుగేస్తే వణుకు. వీధికి ఈ పక్క ఒక కాలం, ఆ పక్క ఇంకో కాలం. ఎండ ఉన్న వైపుకు దాటి నడవడమనే చిన్న నిర్ణయంలో ఎంత సుఖముందో నడిచినవాళ్ళకు తెలుసు.

మార్చి 20 దగ్గరపడేసరికి ఈ మార్పు పరుగందుకుంటుంది. పగలు వేగంగా పెరిగేది విషువత్తు రోజుల్లోనే, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజుల్లో. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర రోజుకు రెండున్నర నిమిషాలకు పైగా, 60 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలకు పైగా పెరుగుతుంది. భూమధ్యరేఖ మీద దాదాపు ఏమీ మారదు. దక్షిణార్ధగోళంలో ఇదే కథ సెప్టెంబరులో నడుస్తుంది. వారం రోజులు ఒకే వేళకు ఒకే కుర్చీలో కూర్చుని చూస్తే గోడ మీద ఎండ పడే చోటు జరిగిపోవడం కంటికే తెలుస్తుంది. ఇన్నాళ్ళూ అల్మారా అంచు దగ్గర ఆగిపోయిన ఎండ, ఒకరోజు దాన్ని దాటొచ్చి పుస్తకాల వీపుల మీద పడుతుంది. వాటి మీది దుమ్మంతా బయటపడుతుంది. ఇల్లు దులపాలనిపించేది కూడా ఆ పూటే, ఇన్నాళ్ళూ కనపడనిది అప్పుడు కనపడుతుంది గనక.

ఈ వెలుగు కళ్ళకే కాదు, ఒంట్లోని గడియారానికీ కావాలి. చూపుతో పెద్దగా పని లేకుండా, వెలుతురు ఎంత ఉందో మెదడుకు చెప్పడానికే అన్నట్టున్న కణాలు కంటి రెటీనాలో ఉన్నాయని 2002లో తేలింది. పడే వెలుతురును లక్స్ అనే కొలతలో లెక్కిస్తారు. ఆఫీసు గదిలో దీపాలన్నీ వేసినా బల్ల మీద 500 లక్స్ ఉంటే గొప్ప. ఎండలోకి వెళ్తే అది లక్ష దాకా ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వేలల్లోనే. గదిలో దీపాలు ఎన్ని వేసినా సాయంత్రం బయటికి రాగానే కళ్ళు విప్పారినట్టుండేది ఇందుకే.

వాసన గురించి కొంచెం చెప్పాలి. చలిలో లోకానికి వాసన తక్కువ. చల్లని నేల నుంచి, చెట్ల నుంచి వాసన అణువులు గాల్లోకి లేవడం తగ్గిపోతుంది. ఎండ నేలకు తగలడం మొదలయ్యాక, తేమ ఉన్న చోట మట్టి ఒక్కసారిగా మాట్లాడినట్టుంటుంది. ఆ వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్ అనే పదార్థం. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ లాంటి సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. లక్ష కోట్ల భాగాల్లో ఏ నాలుగైదు భాగాలున్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఆ వాసన మట్టిలో ఉండే స్ప్రింగ్‌టెయిల్ అనే బుల్లి పురుగుల్ని రప్పిస్తుంది. అవి వచ్చి తిని, సూక్ష్మజీవి బీజాల్ని అక్కడా ఇక్కడా చల్లి వెళ్తాయి. ఎవరినో పిలవడానికి వేసిన కేక మన చెవిన పడి, మనం ఆగి గుండెల నిండా గాలి పీల్చుకుంటున్నాం. వసంతంలో మనకు దొరికే వాటిలో చాలా భాగం ఇలా మనకోసం కానివే. అందుకే నాకు మరీ ఇష్టం. పక్షి పాట కూడా అంతే. పగలు పెరుగుతున్న సంగతిని పక్షుల మెదడు లోపలే ఉన్న కణాలు పుర్రె గుండా చొరబడే వెలుతురుతో పసిగడతాయి, దాంతో ఒంట్లో హార్మోన్లు మారి కూత మొదలవుతుంది.

ఇక మొగ్గ. చలికి ఆకులు రాల్చే చెట్టేదైనా ఇంటి దగ్గరుంటే, ఒకే ఒక్క కొమ్మను ఎంచుకుని దాన్నే చూడమంటాను. చెట్టు మొత్తం చూస్తే పచ్చబడింది అన్న మాట తప్ప ఇంకేమీ మిగలదు. కొమ్మ చివర గట్టి గోధుమరంగు పొలుసులు ఒకదాని మీదొకటి ఎక్కి బిగుసుకుని ఉంటాయి. వేలితో నొక్కినా లొంగవు. ఈ మొగ్గ నిన్నమొన్న పుట్టింది కాదు, పోయిన వేసవిలోనే చెట్టు దాన్ని కట్టి పెట్టుకుంది. కొన్నాళ్ళకు పొలుసుల మధ్య సన్నని లేతపచ్చ గీత కనిపిస్తుంది. ఆ గీత రోజురోజుకూ వెడల్పయి, పొలుసులు వెనక్కి వంగి, లోపలి నుంచి ఆకు బయటికొస్తుంది. కొత్త చీర మడత విప్పినట్టు ఈనెల వెంట గీతలు గీతలుగా ముడతలుంటాయి. కొన్ని చెట్లకు తొలి ఆకు పచ్చగా ఉండదు, రాగిరంగులో మెరుస్తుంది. ఆంథోసయనిన్ అనే వర్ణకం వల్ల ఆ ఎరుపు. ముదరని కణాల్ని అది ఎండ తాకిడి నుంచి కాపాడుతుందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ దశలో ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే తడిగా ఉందేమోననిపించేంత మెత్తగా ఉంటుంది. నాలుగు రోజులాగితే ఆ మెత్తదనం పోతుంది, రంగూ పోతుంది.

ఈ మొగ్గ విచ్చుకోవడానికి వెచ్చదనం ఒక్కటే చాలదు. ముందు చలి కావాలి. ఆపిల్ లాంటి చెట్లు కొన్ని వందల గంటలు, రకాన్నిబట్టి వెయ్యి గంటల దాకా, సున్నా నుంచి ఏడు డిగ్రీల లాంటి చల్లదనంలో గడిపితే గానీ నిద్ర లేవవు. చలి చాలని ఏడాది పూత అక్కడొకటి ఇక్కడొకటిగా, ఒక వేళాపాళా లేకుండా వస్తుంది, కాపు తగ్గుతుంది. తోటలు పెంచేవాళ్ళు చలి గంటలు లెక్కేసుకునేది ఇందుకే.

ఇదంతా పనీపాటా లేని చూపు అనేవాళ్ళకు రెండు సంగతులు చెప్పాలనుంది. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736 నుంచి తన ఊళ్ళో వసంతం ఆనవాళ్ళను రాసి పెట్టుకున్నాడు. తొలి పువ్వు ఎప్పుడు, ఏ చెట్టు ఎప్పుడు చిగిర్చింది, కప్పలు ఎప్పుడు కూశాయి, వలస పక్షి ఎప్పుడొచ్చింది అని. ఆయన తర్వాత వాళ్ళింట్లోవాళ్ళు తరతరాలుగా 1958 దాకా ఆ పని కొనసాగించారు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత విరగబూసిన తేదీలు తొమ్మిదో శతాబ్దం నుంచి డైరీల్లో, రాజాస్థాన పత్రాల్లో దొరుకుతున్నాయి. ఆ తేదీలన్నీ పక్కపక్కన పేర్చితే, 2021లో మార్చి 26న వచ్చిన పూత, పన్నెండు వందల ఏళ్ళ లెక్కలో అప్పటిదాకా వచ్చిన అన్నిటికంటే ముందుగా వచ్చినట్టు తేలింది. పూలు చూసి ముచ్చటపడి తేదీ వేసుకున్న మనుషుల వల్ల ఇవాళ భూమి వేడెక్కుతున్న తీరుకు సాక్ష్యం దొరికింది. వాళ్ళు వాతావరణ శాస్త్రం చేస్తున్నామనుకోలేదు. ఇష్టంగా చూశారు, రాశారు. చలికీ వసంతానికీ మధ్య ఉండే ఆ కొద్ది వారాలు కుదించుకుపోతున్న చోట, పోతున్నదేమిటో చెప్పగలిగేది కూడా ఇష్టంగా చూసినవాళ్ళే.

ఇక్కడ ఒక అభ్యంతరం గట్టిది, దాన్ని దాటేయలేను. చలి అందరికీ ముచ్చట కాదు. తల మీద కప్పు లేనివాళ్ళకు, కప్పుకోను చాలినన్ని బట్టలు లేనివాళ్ళకు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు చలికాలం ప్రాణాల మీదికి వస్తుంది. వసంతం వస్తే పుప్పొడికి కళ్ళు వాచి, ముక్కు కారి నానా అవస్థా పడేవాళ్ళున్నారు. కష్టపడితేనే సుఖం విలువ తెలుస్తుందన్న మాటను నేను నమ్మను. వణికేవాడికి కావలసింది దుప్పటి, ఉపదేశం కాదు. నేను మాట్లాడుతున్నది తట్టుకోగల చలి గురించి. అది ఎంత కొంచెమైనా చాలు, కబనాక్ ప్రయోగంలో ఒంటి వేడిమి మారింది కూడా స్వల్పంగానే. అలాగే ఈ ఆనందాలు జీతానికో వైద్యానికో బదులు కాదు. అవి చాలనివాడికి నీరెండ చూసి తృప్తి పడమని చెప్పడం క్రూరత్వం. కానీ జీతమూ వైద్యమూ ఎందుకు కావాలి అంటే, ఇలాంటి పొద్దులు ఒంటికి తెలిసేలా బతకడానికి కూడా.

ఈ వారాల్లో ప్రతి ఇంట్లోనూ కిటికీ దగ్గర ఒక తగువు నడుస్తుంది.

"ఒరేయ్, ఆ కిటికీ వేసెయ్యరా, చలేస్తోంది."

"చలెక్కడిదమ్మా, బయట ఎండ కాస్తుంటే!"

అమ్మ గంట నుంచి కదలకుండా కూర్చుని ఉంది. నేను అప్పుడే మెట్లెక్కి వచ్చాను. ఆవిడ ఒళ్ళు వెచ్చదనం కోరుతోంది, నా ఒళ్ళు గాలి కోరుతోంది. ఇద్దరిదీ నిజమే. చివరికి ఒక రెక్క తీసి, ఇంకో రెక్క మూసి, ఆవిడ కుర్చీని ఎండలోకి జరుపుతాం. ఆ సర్దుబాటులో ఇద్దరికీ ఏదో దొరుకుతుంది. తీసి వేసేందుకు రెక్క ఉంది కాబట్టి అది కుదిరింది.

పెద్ద భవనాల్లో అది కుదరదు. 1970లో డెన్మార్క్ పరిశోధకుడు పోవల్ ఓలె ఫాంగర్ గదిలో మనిషికి సౌకర్యంగా ఉండే వేడిమిని లెక్కగట్టే పద్ధతి ఒకటి ప్రకటించాడు. గాలి వేడిమి, గోడల నుంచి వచ్చే వేడి, గాలి వేగం, తేమ, వేసుకున్న బట్టలు, చేస్తున్న పని, ఈ ఆరూ తెలిస్తే ఎంతమందికి ఇబ్బందిగా ఉంటుందో అంచనా కట్టొచ్చు. గట్టి పని అది, దాని విలువ నేను కాదనను. అయితే ఆ లెక్కలో సౌకర్యమంటే ఫిర్యాదు లేకపోవడం. ఎంత బాగా అమర్చినా నూటికి అయిదుగురు అసంతృప్తిగానే ఉంటారని ఆ లెక్కే చెబుతుంది. మిగతా తొంభై అయిదుగురికీ వేడీ లేదు, చలీ లేదు. ఏ అనుభూతీ లేకపోవడాన్ని మనం లక్ష్యంగా పెట్టుకున్నాం. దానికోసం అద్దాలు బిగించేసి, నెల మారినా ఋతువు మారినా ఒకే అంకె మీద ఏసీ నడిపిస్తున్నాం.

1998లో రిచర్డ్ డి డియర్, గేల్ బ్రేగర్ అనే ఇద్దరు నాలుగు ఖండాల్లోని 160 భవనాల నుంచి సేకరించిన సుమారు 21 వేల నమోదుల్ని విశ్లేషించారు. కిటికీలు తెరుచుకునే భవనాల్లో ఉండేవాళ్ళు, పూర్తిగా ఏసీ మీద నడిచే భవనాల్లో ఉండేవాళ్ళకంటే చాలా ఎక్కువ తేడా ఉన్న వేడిమిని కూడా బాగానే ఉందన్నారు. వాళ్ళకు బాగున్న వేడిమి బయటి కాలంతో పాటు మారింది. కిటికీ తమ చేతిలో ఉందన్న సంగతికి కూడా అందులో పాత్ర ఉంది. ఈ ఫలితాలు 2004లో అమెరికా ఇంజినీర్ల ప్రమాణాల్లోకి కూడా చేరాయి. కరెంటు ఆదా అవుతుందని దీన్ని మెచ్చుకునేవాళ్ళున్నారు. మంచిదే. నేను మెచ్చుకునేది ఇంకోటుంది: ఆ భవనాల్లో కూర్చున్నవాళ్ళకు వసంతం వచ్చిన సంగతి తెలుస్తుంది.

మండు వేసవిలో ఏసీలు ఆపమని నేననను. వడగాడ్పులు మనుషుల్ని చంపుతాయి. గడ్డకట్టే చలిలో కిటికీలు తీయమనీ అనను. ఏటా రెండు మూడు దఫాలు, కొన్ని వారాల పాటు, బయటి గాలే ఒంటికి అన్నివిధాలా సరిపోయే కాలం ఒకటుంటుంది. ఆ వారాల్లో కూడా లోపలే, ఒకే అంకె దగ్గర ఉండిపోవడం నాకు తీరని నష్టంగా తోస్తుంది. నేను పనిచేసిన ఒక చోట కిటికీలన్నీ నిలువెత్తు అద్దాలే. బయట చెట్టు చిగిర్చడం కనిపించేది, గాలికి కొమ్మలు ఊగడం కనిపించేది. లోపల స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాళ్ళం. కిటికీ తెరిచే వీలుందా అని అడిగితే, తెరవడానికి గడియే పెట్టలేదన్నారు.

అప్పటి నుంచి ఇల్లు చూడటానికి వెళ్ళినా, పిల్లల్ని చేర్చడానికి బడి చూసినా, ముందు కిటికీ దగ్గరికెళ్ళి రెక్క లాగి చూస్తాను. రోగులు రోజుల తరబడి పడుకునే వార్డుల్లో, పిల్లలు పొద్దంతా కూర్చునే తరగతుల్లో, లెక్కలు చూసుకునే ఆఫీసుల్లో, మనిషి గంటసేపు ఉండే ప్రతి గదికీ చేతికందే ఎత్తులో తెరుచుకునే కిటికీ ఒకటుండాలి. కట్టించేవాళ్ళు దీన్ని ఖర్చు కింద కాదు, తలుపు ఎంత అవసరమో అంత అవసరం కింద రాసుకోవాలి. దొంగల భయముంటే ఊచలు పెట్టండి, దోమలుంటే వల బిగించండి. చిన్నపిల్లలున్న చోట, ఎత్తైన అంతస్తుల్లో జానెడే తెరుచుకునేలా కొక్కెం వేయండి. ఇవన్నీ వడ్రంగులకు ఎప్పటి నుంచో తెలిసిన పనులే.